హెల్సింకీలో మొదటి పేరు

కౌల్ బజార్, బళ్ళారి
నవంబరు 18

బిందూ,

హాస్టల్ సెలవుల్లో రాసుకున్నట్టు మళ్ళీ కాగితం మీద రాస్తున్నానని నవ్వకు. ఫోన్ చేద్దామంటే శని, ఆదివారాలు హచ్చొళ్ళిలో మా అమ్మ పక్కనే ఉంటుంది. మిగతా రోజులు నేను పనిచేసే కంప్యూటర్ షాపులో ఓనరు తిప్పేశన్న ఉంటాడు. ఈ సంగతి తెర మీద టైపు చేయాలంటే మాత్రం చెయ్యి ఆడటం లేదు. ఎందుకో చివర చెప్తాను.

నువ్వు మీ కంపెనీలో ఉచితంగా చోటు ఇప్పిస్తే నేను నెట్‌లో పెట్టిన పేజీకి రెండు నెలలు నిండాయి. "మారన్న, హచ్చొళ్ళి, కనబడుటలేదు." ఓటరు కార్డు మీది నాన్న ఫోటో, నీలం గళ్ళ లుంగీ, తెల్ల చొక్కా, చీలిన ఎడమ చెవి తమ్మె, అన్నీ పెట్టాను. కానీ ఇక్కడ వెతికితే ఆ పేజీ రాదు. షాపు కంప్యూటర్లో రాలేదు, తిప్పేశన్న ఫోన్‌లో రాలేదు. పది పేజీలు దాటిపోయినా ఎవరో మారన్నల పెళ్ళిపత్రికలు, పొలం వేలాలు వస్తున్నాయి కానీ మా నాన్న లేడు.

"ఏమ్మా నేత్రా, మీ నాయన నెట్‌లో గూడ తప్పిపోయినాడు గదా" అన్నాడు తిప్పేశన్న. అన్నాక నాలుక కరుచుకుని టీ తెప్పించాడు.

నాకు గడువు తక్కువ బిందూ. వచ్చే వైశాఖానికి నాన్న పోయి పన్నెండేళ్ళు. మా మేనమామ కోదండరామి మొన్న ఇంటికొచ్చి కూర్చుని, "పన్నెండేండ్లు నిండినాక పిండిబొమ్మ చేసి పూడ్చాలక్కా. లేకుంటే ఆయప్పకు దారి దొరకదు. నీ గాజులు గూడ తీసేయాల" అన్నాడు. మా అమ్మ చేతులు రెండూ కొంగులో దాచుకుని, "ఆయప్ప యాడో ఉండాడు. నా గాజులు యెవురూ ముట్టొద్దండి" అంది. వైశాఖం దాకా ఆగమని నేనే అడిగాను. ఉన్నాడో లేడో తేల్చి చెప్తానన్నాను. మా ఇంట్లో బడి మొహం చూసింది నేనొక్కదాన్నే. ఇది నేను తేల్చకపోతే ఇంకెవరు తేలుస్తారు?

ఇక అసలు సంగతి. పేజీని ఏ ఊరి నుంచి ఎవరు చూశారో తెలిపే చోట నిన్న చూశాను. రెండు నెలల్లో చూసింది, నేను కాక, ఒక్కరే. ఫిన్లండ్ అనే దేశం నుంచి, హెల్సింకీ అనే ఊరి నుంచి. ప్రతి మంగళవారం, మనకు మధ్యాహ్నం ఒంటిగంటా పది నిమిషాలకు. పేజీలో "వెతకండి" అని ఒక గడి పెట్టాను కదా, అందులో తెలుగులో టైపు చేశారు. "మారన్న" అని, అంతే. అది చూశాక, తెర మీద ఏం టైపు చేసినా ఆ ఎవరో చదువుతారనిపిస్తోంది.

అక్కడ మన వాళ్ళెవరున్నారు బిందూ?

నీ
నేత్ర


హైదరాబాదు
నవంబరు 27

నేత్రా,

కవరు మీద నీ గుండ్రటి అక్షరాలు చూసి సంతోషించాను. లోపల చదివాక కొంచెం దిగులు పుట్టింది. నువ్వు భయపడేంత విషయం కాదిది. వివరంగా చెప్తాను.

నీ పేజీ ఉన్న కంప్యూటర్‌ని సర్వర్ అంటారని నీకు తెలుసు. మా కంపెనీ సర్వర్లు హెల్సింకీలో ఉన్నాయి. ఏ దేశం వాళ్ళకు ఏ పేజీ ముందు చూపాలన్నది సెర్చ్ ఇంజన్ కొన్ని ఆనవాళ్ళు చూసి ఊహిస్తుంది. చిరునామా చివర డాట్ ఇన్ ఉంటే ఇండియాదని అనుకుంటుంది. నీది డాట్ కామ్, దానికి ఏ దేశమూ లేదు. ఇండియాలోని వేరే సైట్లు దాని గురించి చెప్తున్నాయా అని చూస్తుంది. నీ పేజీ గురించి ఎవరూ చెప్పలేదు. చూడటానికి ఇంకేమీ లేనప్పుడు, ఆ సర్వర్ ఏ నేల మీద ఉందన్నదే దానికి ఆధారం. మామూలుగా చాలా చిన్న ఆనవాలు అది. నీ పేజీకి మాత్రం అదే పెద్దదైంది. అందుకే హెల్సింకీలో మారన్న అని వెతికితే మీ నాన్న మొదట వస్తాడు, బళ్ళారిలో రాడు.

సర్వర్ చోటు మార్చడం కుదరదు. ఉచితంగా ఇచ్చేది అక్కడే.

ఆ వచ్చేది మనిషి కాదు. పేజీలు తిరిగి చూసే రోబో ప్రోగ్రాములుంటాయి, వేళ తప్పకుండా వస్తాయి. మీ అమ్మకు చెప్పకు. ఆశ పెట్టుకుంటుంది.

నీ
బిందు


హచ్చొళ్ళి
డిసెంబరు 21

బిందూ,

మా అమ్మకు చెప్పేశాను. చెప్పక తప్పలేదు.

నీ ఉత్తరం వచ్చిన వారం గడిలో కొత్త మాట పడింది. "మారన్న ఎర్ర తువ్వాలు." నేను పేజీలో తువ్వాలు మాట రాయలేదు. నాకసలు తెలియదు. శనివారం ఇంటికెళ్ళి మామూలుగా అడిగినట్టు అడిగాను, "అమ్మా, నాయన ఆ పొద్దు తువ్వాలేమైనా కట్టుకున్నాడా?" అని. మా అమ్మ జొన్నరొట్టె తట్టేది ఆపేసింది.

"ఎర్రది. ముందరి రోజే సంతలో కొన్యాడు. తలకు చుట్టుకుని పోయినాడు. నీకెవురు చెప్పిరి?"

రోబోకు నాన్న తువ్వాలు ఎలా తెలుస్తుంది బిందూ? ఆ రోజు నాన్నను చూసిన మనిషికి తెలియాలి. లేదా నాన్నకే తెలియాలి.

అమ్మకు మ్యాపులో ఆ దేశం చూపించాను. వేలితో తెరను తడిమింది. "ఈడికి బస్సు పోతాదా?" అంది. మీ పొలంలో కూలి తీసుకుని మోక ఊరి బస్సెక్కి వెళ్ళాడని మీ నాన్నగారు చెప్పినప్పటి నుంచి, ఎక్కడికైనా బస్సే పోవాలి ఆమెకు. "శానా చలంట కదా పాపా. రగ్గు గూడ తీసుకోకుండా పోయినాడే" అంటూ ఆ రాత్రంతా ఒకటే మాట. ఇప్పుడు నేను కూడా మంగళవారం ఒంటిగంట దాటితే షాపులో పని ఆపి తెర ముందు కూర్చుంటున్నాను. ఒంటిగంటా పది కాగానే అక్కడ ఒక చుక్క వెలుగుతుంది. అవతల ఎవరో మా నాన్న ముఖం చూస్తున్నారని తెలుస్తుంటుంది. నాలుగు నిమిషాలుండి ఆ చుక్క ఆరిపోతుంది.

అమ్మ ఊరుకోలేదు. కాలువ కింద పొలాలు కొనుక్కుని మీ వాళ్ళు కట్టుకున్న క్యాంపుకు వెళ్ళి మీ అమ్మగారికి చెప్పింది. ఆవిడ చేతిలో చెంబు కింద పెట్టి, "ఏ దేశమన్నావే?" అని మూడుసార్లు అడిగారట. తర్వాత లోపలికెళ్ళి, శ్రావణం కాకపోయినా మా అమ్మకు గాజులు తెచ్చి తొడిగారు. "నీ మొగుడు చల్లగా ఉన్నాడే పక్కీరమ్మా, నువ్వు నిండుగా ఉండాలి" అన్నారట. ఏటా శ్రావణంలో పసుపు కుంకుమ ఇచ్చి చేతినిండా గాజులు తొడిగేది ఆవిడే కదా. మా వాళ్ళే బొమ్మ పూడ్చమంటుంటే, మీ అమ్మగారు మాత్రం మా అమ్మ ఐదోతనాన్ని కాపాడుతున్నారు. ఆ మాటకు మా అమ్మ వారం రోజులు నవ్వుతూ ఉంది.

ఒకటి అడగాలి. నువ్వు కుదరదన్నావు కానీ, సర్వర్‌ను ముంబయికి మార్చుకోవచ్చని, కొన్నాళ్ళలో ఇక్కడి ఫోన్లలో కనబడొచ్చని తిప్పేశన్న అంటున్నాడు. నాన్న మోక చుట్టుపక్కలే ఎక్కడైనా ఉంటే ఎవరైనా చూసి చెప్తారు. కానీ మారిస్తే హెల్సింకీలో ఆ మనిషికి పేజీ కనబడకుండా పోతుందేమో. ఎటు చేసినా ఒక నాన్న పోతాడు. నువ్వేమంటావు?

నేత్ర


హైదరాబాదు
జనవరి 19

నేత్రా,

ఆలస్యానికి ఏమీ అనుకోకు. ఆఫీసులో తీరికుండటం లేదు. ఇది కూడా భోజనం మానేసి రాస్తున్నాను, మాకు ఒంటిగంట నుంచి రెండు దాకా వదులుతారు.

సర్వర్ మార్చొద్దు. నిజానికి ఆ పేజీ తీసేయమనే నా సలహా. ఎర్ర తువ్వాలు లేని కూలీ మన వైపు ఎవరున్నారు? ఎవరో ఊరికే కొట్టి ఉంటారు. పన్నెండేళ్ళు వెతికావు, చాలు. మీ మామయ్య చెప్పిన పూజ జరిపించెయ్. మీ అమ్మకు గాజులుంటాయా ఉండవా అన్నది మనం వాదించుకునే విషయం కాదు.

నీ చదువు, నీ ఉద్యోగం చూసుకో. నిన్ను ఇంతదూరం తెచ్చింది అందుకే.

బిందు


కౌల్ బజార్, బళ్ళారి
ఏప్రిల్ 4

బిందూ,

నీ ఉత్తరానికి రెండు నెలలు జవాబు రాయలేదు. "నిన్ను ఇంతదూరం తెచ్చింది" అన్న చోట ఆగిపోయాను. తెచ్చింది మీరే, కాదనను. ఆరో తరగతి నుంచి నీ పక్క బెంచీ మీద కూర్చోబెట్టి చదివించారు. కానీ నువ్వు ఆ మాట ఎప్పుడూ అనలేదు. ఇప్పుడెందుకు అన్నావా అని ఆలోచిస్తూ ఉన్నాను.

ఈలోగా ఒక సంగతి చదివాను. ఫిన్లండ్‌లో మార్చి చివరి ఆదివారం గడియారాలన్నీ ఒక గంట ముందుకు జరుపుతారట. మన ఒంటిగంటా పది వాళ్ళకు పొద్దున తొమ్మిదీ నలభై. రోజూ తొమ్మిదీ నలభైకి తీరుబడి దొరికే మనిషి అక్కడుంటే, గడియారం జరిగాక ఆ మనిషి మనకు పన్నెండూ పదికే రావాలి.

మొన్న మంగళవారం పదకొండున్నర నుంచే కూర్చున్నాను. పన్నెండూ పదికి ఎవరూ రాలేదు. ఒంటిగంటా పదికి వచ్చారు.

ఆ మనిషి ఫిన్లండ్‌లో లేడు. మన గడియారం ప్రకారం అన్నం తినే మనిషి. ఒంటిగంట నుంచి రెండు దాకా వదిలే చోట పనిచేసే మనిషి.

ఇప్పటిదాకా ఆ గడిలో పడిన మాటలు ఇవి. "మారన్న." "మారన్న ఎర్ర తువ్వాలు." "పక్కీరమ్మ గాజులు." "నేత్ర క్షమిస్తుందా." ఇవన్నీ మంగళవారాలు. ఐదోది పోయిన ఆదివారం, వేళ మాత్రం అదే: "నీళ్ళు యెప్పుడు నిలుపుతారు."

కాలువకు నీళ్ళు ఈ నెలాఖరుకు నిలుపుతారు. ఆ మాట హెల్సింకీలో ఎవరికి కావాలి?

మామ బొమ్మకు రోజు పెట్టేశాడు. అమ్మ అన్నం మానేసింది. నేను నిన్ను తిట్టడానికి రాయడం లేదు. ఆ రోజు నాన్నను నువ్వు చూశావా? అదొక్కటీ చెప్పు.

నేత్ర


హైదరాబాదు
ఏప్రిల్ 11

నేత్రా,

చూశాను.

పదకొండేళ్ళు నాకు. వేసవి సెలవులు. మంగళవారం. అమ్మ క్యారియర్ ఇచ్చి పొలానికి పంపింది. ఆ రోజు మా వంతు కాదు. అయినా నాన్న కాలువ తూము తలుపు ఎత్తించి నీళ్ళు పెట్టుకుంటున్నారు. తూములో నాచు, చెత్త అడ్డం పడింది. మీ నాన్నను దిగి తీయమన్నారు. మీ నాన్న అన్న మాట నాకు ఇప్పటికీ వినబడుతుంది. "తలుపు దించండి సామీ, దించినాక దిగుతా." నాన్న అన్నారు, "ఇప్పుడు దించితే మళ్ళీ ఎత్తనివ్వరు. దిగు మారన్నా, ఒక్క నిమిషం."

దిగాడు. చెత్త ఒక్కసారి కదిలింది. నీళ్ళతో పాటు లోపలికి వెళ్ళిపోయాడు. ఎర్ర తువ్వాలు మాత్రం ఇనుప కమ్మీకి చుట్టుకుని నీళ్ళలో అటూ ఇటూ ఊగింది. నేను దాన్నే చూస్తూ నిలబడ్డాను. అప్పుడు ఒంటిగంటా పది అయిందని నాన్న చేతి గడియారంలో చూశాను. ఎందుకు చూశానో తెలియదు.

అవతలి పక్క తేలినప్పుడు ఊపిరి లేదు. వంతు కాని నీళ్ళని కేసవుతుందని, పొలం పోతుందని నాన్న భయపడ్డారు. ఆయన, జీతగాడు హంపన్న కలిసి తూము పక్కన కట్టలోనే పూడ్చారు. వారంలో ట్రాక్టరు పెట్టి కట్ట వెడల్పు చేశారు. కూలి తీసుకుని మోక బస్సెక్కాడని ఊరికి చెప్పారు. హంపన్న పోయాడు. ఇప్పుడు తెలిసింది మా ముగ్గురికే.

ఆ జూన్‌లో నిన్ను నా బడిలో చేర్పించారు. మంచివాళ్ళమైపోయామనుకున్నాను. శ్రావణంలో మీ అమ్మకు గాజులెందుకు తొడుగుతావని ఒకసారి అమ్మను అడిగాను. "దాని చేతికి గాజులున్నంతకాలం ఎవరూ శవం ఏదని అడగరే" అంది. అమ్మ ఏడుస్తూనే అంది నేత్రా. అయినా ఏటా తొడిగింది.

పేజీ చోటు విషయంలో నీకు అబద్ధం చెప్పాను. సర్వర్ ఎక్కడ కావాలో ఎంచుకునే పట్టికలో ముంబయి కూడా ఉంది. నేను హెల్సింకీ నొక్కాను. ఇక్కడ ఎవరికీ కనబడకూడదనే నొక్కాను. కానీ మా ఆఫీసు కంప్యూటర్లన్నీ బయటికి వెళ్ళేది కంపెనీ దారిలో, హెల్సింకీ మీదుగా. సెర్చ్ ఇంజన్‌కు నేనూ ఫిన్లండ్ మనిషినే. నువ్వు పేజీ పెట్టిన వారం, మంగళవారం భోజనం వేళ, ఉండబట్టలేక ఆయన పేరు కొట్టాను. లోకంలో ఎవరికీ కనబడని చోట దాచాననుకున్నాను. నా తెర మీదే మొదట వచ్చాడు. ఆ తర్వాత ఏ వారమూ మానలేకపోయాను.

నువ్వు రాసిన వాటిలో నాలుగు నావి. ఐదోది నేను టైపు చేయలేదు. ఆదివారం మా ఆఫీసుకు తాళం. మూడుసార్లు సెక్యూరిటీని అడిగాను, ఎవరూ రాలేదన్నాడు. నీళ్ళు నిలిపే రోజు నాకు తెలియను కూడా తెలియదు. అది ఎవరిదో నన్ను అడగకు. ఆ ఉత్తరం చదివినప్పటి నుంచి నేను ఆ కంప్యూటర్ ముందు కూర్చోలేదు.

బిందు


హచ్చొళ్ళి
మే 17

బిందూ,

ఏప్రిల్ ఇరవై ఎనిమిదిన నీళ్ళు నిలిపారు. నీ ఉత్తరం నకలు తీసి అసలుది పోలీసులకిచ్చాను. కట్ట ఆరడానికి తొమ్మిది రోజులు ఆగమన్నారు. ఆ తొమ్మిది రోజులూ మా అమ్మ రోజూ పోయి ఒడ్డున కూర్చుంది. కాలువలో నీళ్ళు లేవు కదా, అయినా సాయంత్రానికి కొంగు తడిసి ఉండేది. నేను పిండి చూశాను. చెమటేమో అనుకున్నాను. అమ్మను అడగలేదు.

తహశీల్దారు ముందర తవ్వారు. నడుముకు కట్టిన వెండి తాయెత్తు చూసి అమ్మ తలూపింది. పిండిబొమ్మ అక్కర్లేకపోయింది. మామ మనిషినే పూడ్చాడు, మా వాళ్ళ చోట. మీ నాన్నగారిని తీసుకెళ్ళిన సంగతి నీకు తెలుసు. ఆయన జీపెక్కుతూ నా వైపు చూసి, "బాగా చదువుకున్నావమ్మా" అన్నారు. తిట్టో మెచ్చుకోలో నాకు తెలియలేదు.

పేజీని ముంబయికి మార్చాను. "కనబడుటలేదు" అన్న మాట తీసేసి, ఏం జరిగిందో, ఎక్కడ జరిగిందో రాశాను. తిప్పేశన్న తనకు తెలిసిన వాళ్ళందరి సైట్లలోనూ దాని సంగతి పెట్టించాడు. వారం తిరిగేసరికి కౌల్ బజార్‌లో మీ క్యాంపు పేరు కొట్టినా మా నాన్నే ముందొస్తున్నాడు. ఇక హెల్సింకీ నుంచి ఎవరూ రావడం లేదు. ఆదివారం కూడా రాలేదు.

నాన్నను పూడ్చిన పదకొండో రోజు అమ్మ నన్ను వెంటబెట్టుకుని మీ ఇంటికి వెళ్ళింది. మీ అమ్మగారు వసారాలో ఒక్కరే ఉన్నారు. లేచి నిలబడి, "పక్కీరమ్మా, నీ కాళ్ళు పట్టుకుంటానే" అన్నారు.

"కాళ్ళేం వద్దమ్మా" అంటూ మా అమ్మ మెట్టు మీద కూర్చుని రెండు చేతులూ చాచింది. "ఇన్నేండ్లు నువ్వే తొడిగిస్తివి. మా వాళ్ళు పగలగొడ్తామంటే వద్దంటిని. నువ్వే తియ్యి. ఒగటి గూడ పగలకూడదు."

తీశారు బిందూ. పనిచేసే చేతులు కదా, మెటికల దగ్గర గాజులు రావు. సబ్బు నీళ్ళు తెచ్చుకుని, మీ అమ్మగారు ఒక్కొక్కటీ తిప్పి తిప్పి తీశారు. మా అమ్మ మాత్రం రెప్ప వేయకుండా ఆవిడ ముఖాన్నే చూస్తూ కూర్చుంది. కుడిచేతివి అయ్యేసరికి ఎండ వసారా దాటిపోయింది. చివరి గాజు పక్కన పెట్టి ఆవిడ బొట్టు వైపు చెయ్యి చాచబోతే, మా అమ్మ ఆ చేతిని పట్టుకుని ఆపింది. "ఇది నువ్వు పెట్టింది గాదు. మా యమ్మ పెట్టింది. ఇది ఉంటాది."

బయటికొచ్చాక నన్ను అడిగింది, "బిందు పాప వస్తాదా?" అని. పోలీసులు నీ నోటి మాట కూడా కావాలంటున్నారని చెప్పాను. కాగితం ఒక్కటీ చాలదట. జూన్ ఆరున కోర్టులో ఉండాలి నువ్వు. అమ్మకు కోర్టు పట్టలేదు.

"ఆ పొద్దు ఆ పాప క్యారియర్ తెచ్చిందన్నావు గదా. తెచ్చేటప్పటికి ఆయప్ప ఇంకా పైననే ఉన్యాడు గదా. అడుగు పాపా. తిని దిగినాడా, తినకనే దిగినాడా?"

దీనికి ఉత్తరం రాయకు. ఇంటికొచ్చి ఆమెకే చెప్పు.

నేత్ర